చంటిబిడ్డల అరకన్ను నిద్ర: రెప్పల మధ్య సందు ఎప్పుడు సహజం, ఎప్పుడు అనుమానించాలి

గోదావరి డెల్టాలో అమలాపురం నుంచి నరసాపురం దాకా ఏ ఊళ్లోనైనా, తొలిచూలు బిడ్డ ఉన్న ఇంట్లో మొదటి రెండు మూడు నెలల్లో ఏదో ఒక రాత్రి ఈ ప్రశ్న తలెత్తుతుంది. బిడ్డ నిద్రపోతూనే ఉంటుంది, ఒళ్లు వెచ్చగా ఉంటుంది, పాలు తాగిన తృప్తి ముఖంలో కనిపిస్తూనే ఉంటుంది, కానీ రెప్పలు మాత్రం పూర్తిగా కలవవు. వాటి మధ్య నుంచి తెల్లగుడ్డు సన్నని గీతలా కనబడుతుంది, ఒక్కోసారి రెప్ప కింద కనుగుడ్డు అటూ ఇటూ కదులుతూ కూడా ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరు దిష్టి అంటారు, ఒకరు గాలి సోకిందంటారు, ఇంకొకరు వాళ్ల నాన్న కూడా చిన్నప్పుడు ఇలాగే పడుకునేవాడని తేల్చేస్తారు. ఈమధ్య వీటికి సెల్‌ఫోన్ తోడైంది. ఆ రాత్రే వీడియో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెడితే, తెల్లవారేసరికి ఫిట్స్ అనీ, కాల్షియం తక్కువనీ, నులిపురుగులనీ రకరకాల జవాబులు వచ్చి చేరతాయి.

వీటన్నిటిలో వాస్తవానికి దగ్గరగా ఉన్నది, నాన్న చిన్నప్పటి సంగతి చెప్పిన ఆ పెద్దావిడ మాటే. ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లల్లో రెప్పల మధ్య సందు చాలా మామూలు విషయం, అది తరచుగా కుటుంబాల్లో వస్తుంది కూడా. అయితే అదే సందు కొద్దిమంది పిల్లల్లో నరం దెబ్బతిన్నదనడానికి, మరికొద్దిమందిలో తక్షణం ఆహారం అందకపోతే ప్రాణానికే ముప్పని చెప్పడానికి గుర్తు అవుతుంది. పైకి ఒకేలా కనిపించే దృశ్యానికి ఇన్ని అర్థాలు ఎలా వస్తాయో తెలియాలంటే, రెప్ప ఎలా మూసుకుంటుందన్న దగ్గర మొదలుపెట్టాలి.

రెప్పను మూసే కండరం ఒకటి, ఎత్తేవి రెండు

కంటి చుట్టూ వలయంలా అల్లుకుని ఉండే పలుచని కండరం ఒకటుంది. వైద్యులు దాన్ని ఆర్బిక్యులారిస్ ఆక్యులై అంటారు. అది బిగిస్తే రెప్ప మూసుకుంటుంది. ముఖంలో నవ్వునూ ఏడుపునూ నడిపించే ఏడో కపాల నరమే, అంటే ముఖనరమే, దీన్నీ నడిపిస్తుంది. రెప్పను పైకి లేపే పని ఇంకో కండరానిది. దాని పేరు లెవేటర్, దానికి ఆజ్ఞలు మూడో కపాల నరం నుంచి వస్తాయి. మనం మేలుకుని ఉన్నంతసేపూ లెవేటర్ పని చేస్తూనే ఉంటుంది, నిద్రపట్టగానే అది సడలుతుంది. కునికిపాట్లు పడేవారి రెప్పలు వాలిపోవడం అందుకే.

మూడోది ముల్లర్ కండరం. ఇది చిన్నది, పై రెప్పను సుమారు 2 మిల్లీమీటర్లు మాత్రమే ఎత్తగలదు, మన ఇష్టానిష్టాలతో దానికి సంబంధం లేదు. భయపడ్డప్పుడు గుండె దడదడలాడించి, చెమటలు పట్టించే సింపథెటిక్ నాడీవ్యవస్థ చేతిలో ఇది ఉంటుంది. బెదిరిన మనిషి కళ్లు పెద్దవైనట్టు కనిపించడంలో దీని పాత్ర ఉంది. ఇప్పటికి అప్రధానంగా కనిపించినా, ఈ 2 మిల్లీమీటర్ల కండరాన్ని గుర్తుంచుకోవాలి.

నిద్రలో రెప్పల మధ్య సందు మిగలడానికి, దీన్నిబట్టి చూస్తే, కొన్ని దారులే ఉన్నాయి: మూసే కండరంలో బిగువు చాలకపోవడం, దాని నరం పని చేయకపోవడం, ఎత్తే కండరాలు పూర్తిగా సడలకపోవడం, లేదా కనుగుడ్డు పరిమాణానికి రెప్పల పొడవు సరిపోకపోవడం. ఈ స్థితి మొత్తానికి వైద్యులు వాడే పేరు నాక్టర్నల్ లాగాఫ్తాల్మోస్. పేరు వినగానే జబ్బులా తోస్తుంది గానీ, 1948లోనే అమెరికాలోని ఒక ప్రసిద్ధ నేత్రవైద్య పత్రికలో అడాల్బర్ట్ ఫుక్స్, వు అనే వైద్యులు సగం తెరిచిన కళ్లతో నిద్రపోవడాన్ని శరీరధర్మంలో భాగంగానే వర్ణిస్తూ వ్యాసం రాశారు. అంటే ఇందులో జబ్బు లేని రకం ఒకటుందని వైద్యులు అంగీకరించి దాదాపు ఎనభై ఏళ్లవుతోంది.

పసిబిడ్డ నిద్రలో సగం కదిలే నిద్రే

పెద్దవాళ్ల నిద్రను చూసి పసిబిడ్డ నిద్రను అంచనా వేయడం దగ్గరే చాలా ఆందోళన మొదలవుతుంది. 1950ల మొదట్లో షికాగో విశ్వవిద్యాలయంలో నథానియెల్ క్లైట్‌మన్ దగ్గర పరిశోధన చేస్తున్న యూజీన్ అసెరిన్‌స్కీకి మొదట అప్పగించిన పని, నిద్రపోయే పసిపిల్లల కళ్ల కదలికలను గమనించడం. ఆ గమనింపు దారితీసిన పరిశోధన నుంచే, నిద్రలో కళ్లు వేగంగా కదిలే దశ ఒకటుందని 1953లో వాళ్లిద్దరూ ప్రకటించారు. ప్రపంచమంతా ఇప్పుడు ఆర్‌ఈఎమ్ నిద్ర అని పిలుస్తున్నది దాన్నే. పసిపిల్లల విషయంలో వైద్యులు దాన్ని చురుకు నిద్ర అంటారు. ఆ దశలో బిడ్డ పెదవి చప్పరిస్తుంది, ముఖం చిట్లిస్తుంది, కాలు జాడిస్తుంది, చటుక్కున నవ్వుతుంది. మన ఇళ్లలో దేవుడు ఆడిస్తున్నాడని మురిసిపోయే నవ్వు అదే. ఊపిరి కూడా ఒక లయలో ఉండదు, గబగబా తీసి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడుతుంది. 20 సెకన్లకు మించి ఆగితే, లేదా ఆగినప్పుడు ఒంటి రంగు మారితే తప్ప, ఆ విరామం ఆ వయసుకు సహజమే.

పెద్దవాళ్ల నిద్రలో ఈ దశ నాలుగో వంతు లేదా అంతకంటే కాస్త తక్కువ ఉంటుంది. నెలలు నిండి పుట్టిన శిశువుకు దాదాపు సగం ఇదే. పైగా పెద్దవాళ్లు ముందు నిశ్చల నిద్రలోకి జారి, చాలాసేపటికి గానీ ఈ దశకు రారు. మొదటి మూడు నెలల్లో బిడ్డ నేరుగా దీనిలోకే దిగుతుంది.

లెక్క వేసి చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. పాలకొల్లులో ఒక ఇంట్లో నెల నిండిన బిడ్డ రోజుకు 16 గంటలు నిద్రపోతోందని అనుకుందాం. అందులో సగం, అంటే 8 గంటలు, చురుకు నిద్ర. ఈ వయసులో నిద్ర చక్రం ఒక్కొక్కటి 50 నుంచి 60 నిమిషాలు. గంటకొకటని తీసుకుంటే రోజుకు 16 చక్రాలు, ఒక్కో చక్రంలో అరగంటకు అటూఇటూగా ముఖం కదిలే సమయం ఉంటుంది. వంటింట్లోంచి వచ్చి ఎప్పుడు తొంగిచూసినా, బిడ్డ ఆ దశలో కనిపించే అవకాశం రెండింట ఒక వంతు. పెద్దవాళ్లు నిద్రపోతుండగా ఎవరూ అన్నిసార్లు తొంగిచూడరు, చూసినా వాళ్ల ముఖం చాలాసేపు నిశ్చలంగానే ఉంటుంది. అందువల్ల అరకన్ను నిద్ర బిడ్డలకే వస్తుందన్న భావన ఏర్పడటంలో, బిడ్డను మనం చూసే తీరుకూ భాగముంది.

కారణం ఏమిటన్నదానిపై మూడు వాదనలు

ఆరోగ్యంగా ఉన్న బిడ్డలో ఈ సందు ఎందుకు మిగులుతుందన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు, తరచుగా వినిపించేవి మూడు.

మొదటిది పక్వత వాదం. పసిబిడ్డకు మెడ నిలవడానికే మూడు నెలలు పడుతుంది, అలాంటిది రెప్పల కండరాలకూ వాటిని నడిపించే నరాలకూ పొందిక కుదరడానికి సమయం పట్టడంలో వింత లేదంటుంది ఈ వాదం. చాలామంది పిల్లల్లో ఏడాది, ఏడాదిన్నర వయసుకు ఇది దానంతట అదే తగ్గిపోవడం దీనికి బలం. బలహీనత ఏమిటంటే, పూర్తి ఆరోగ్యంతో ఉన్న పెద్దవాళ్లలోనూ కొందరు జీవితాంతం ఇలాగే నిద్రపోతారు. వాళ్ల కండరాలు ఇంకా పండలేదని ఎవరూ అనరు కదా.

రెండోది నిద్ర దశల వాదం. చురుకు నిద్రలో ఒంట్లోని చాలా కండరాలు సడలుతాయి, మధ్యమధ్య ముఖ కండరాలు అదురుతాయి. మూసే కండరం సడలినప్పుడో, అదిరినప్పుడో రెప్ప కాస్త తెరుచుకుంటుందని దీని సారాంశం. సందు ఎక్కువగా కనిపించే క్షణాల్లోనే నవ్వూ చప్పరింపూ కనుగుడ్డు కదలికా కలిసి కనిపించడాన్ని ఇది చక్కగా వివరిస్తుంది. కానీ నిశ్చల నిద్రలో కూడా రెప్పలు కలవని బిడ్డలున్నారు, వారి విషయంలో ఈ వాదం మౌనంగా ఉంటుంది.

మూడోది ముఖ నిర్మాణం, వంశం. పుట్టినప్పుడు కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్లు ఉంటుంది, పెద్దయ్యాక 24కు చేరుతుంది. అంటే పుట్టుకతోనే కన్ను పెద్దవాళ్ల కన్నులో మూడింట రెండు వంతులకు పైగా ఎదిగి ఉంటుంది, శరీరం బరువు మాత్రం పెద్దవాళ్లలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. కళ్లు కాస్త ముందుకు ఉన్నట్టుండే ముఖాలు, రెప్పలు పొట్టిగా ఉండే ముఖాలు కొన్ని కుటుంబాల్లో వస్తుంటాయి, అరకన్ను నిద్ర కూడా ఆ ఇళ్లలోనే తరం తరువాత తరంలో కనిపిస్తుంది.

ఈ మూడింటినీ పోటీ సిద్ధాంతాలుగా కాక, ఒకే బిడ్డలో వేర్వేరు పాళ్లలో కలిసి పనిచేసేవిగా చూడటమే సబబని నాకనిపిస్తుంది. మొదటి రెండూ వయసుతో పాటు తగ్గుతాయి, మూడోది ఉన్నవాళ్లలో సందు కొంత మిగిలిపోతుంది. కొందరికి త్వరగా పోయి, కొందరికి ఎప్పటికీ పోకపోవడానికి ఇంతకంటే సరళమైన వివరణ లేదు.

కళ్లు తెరిచి ఉంటే బిడ్డకు కనిపిస్తుందా

కొల్లేటి చెరువుల్లో పెరిగే బొచ్చెలకూ శీలావతులకూ రెప్పలే లేవు కనుక అవి బతికినంతకాలం తెరిచిన కళ్లతోనే విశ్రమిస్తాయి. బిడ్డకు రెప్పలున్నాయి, వాటితోపాటు ఇంకో రక్షణ కూడా ఉంది. రెప్ప మూసుకోబోతున్నప్పుడు కనుగుడ్డు పైకి, కాస్త బయటి వైపుకు తిరుగుతుంది. దీన్ని బెల్స్ ఫినామినన్ అంటారు, చాలామంది మనుషుల్లో ఇది ఉంటుంది. సందులోంచి మనకు తెల్లగుడ్డు మాత్రమే కనిపించడానికి కారణం అదే: నల్లగుడ్డు పై రెప్ప చాటున భద్రంగా ఉంటుంది. కన్ను తేలేసింది అని కంగారుపడేవాళ్లు చూస్తున్నది చాలాసార్లు ఈ సహజమైన కదలికనే.

ఒకవేళ కంటిపాపలోకి వెలుతురు పడ్డా, నిద్రలో ఉన్న మెదడు దాన్ని చూపుగా మార్చదు. 1965లో అమెరికాలో అలన్ రెక్ట్‌షాఫెన్, డేవిడ్ ఫౌల్క్స్ అనే శాస్త్రవేత్తలు కొందరు పెద్దవాళ్లను వారి అంగీకారంతో రెప్పలకు టేపు వేసి, కళ్లు తెరిచి ఉంచి నిద్రపుచ్చారు. నిద్రలో వాళ్ల కళ్ల ఎదుట వస్తువులకు వెలుతురు వేసి చూపించి, వెంటనే లేపి ఏం కల వచ్చిందని అడిగితే, చూపించిన వస్తువుల జాడ కలల్లో కనిపించలేదు. కనుక అరకన్నుతో పడుకున్న బిడ్డ గదిలోని నీడలను చూసి జడుసుకుంటోందని అనుకోవడానికి ఆధారం లేదు.

నల్లగుడ్డు ఎండిపోతుందన్న భయంలో నిజమెంత

ఇది కొట్టిపారేయదగ్గ భయం కాదు. నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొరకు, అంటే కార్నియాకు, రక్తనాళాలు ఉండవు. మేలుకుని ఉన్నప్పుడు దానికి ప్రాణవాయువు గాలి నుంచి కన్నీటి పొర ద్వారా అందుతుంది, రెప్ప మూసినప్పుడు రెప్ప లోపలివైపున్న రక్తనాళాల నుంచి అందుతుంది. కన్నీటి పొర ఆరిపోతే కార్నియా గరుకెక్కి, పుండు పడి, మచ్చ మిగిలే ప్రమాదం ఉంది. అందుకే ఐసీయూలో మత్తుమందుల మీద, వెంటిలేటర్ మీద ఉన్న పిల్లల కళ్లకు నర్సులు క్రమం తప్పకుండా ఆయింట్‌మెంట్ వేసి కాపాడతారు. అక్కడ మందుల ప్రభావంతో రెప్పల కండరాలూ రెప్పకొట్టే ప్రతిచర్యా రెండూ మొద్దుబారి ఉంటాయి, అది రోజుల తరబడి సాగుతుంది.

ఇంట్లో నిద్రపోయే బిడ్డ పరిస్థితి వేరు. నల్లగుడ్డు పైకి తిరిగి ఉంటుంది, సందు కొద్ది నిమిషాలు ఉండి మూసుకుంటుంది, పాలకోసం రెండు మూడు గంటలకోసారి లేస్తుంది. మరో విశేషం కూడా ఉంది. పెద్దవాళ్లు నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్పలు కొడితే, పసిబిడ్డలు మేలుకుని ఉన్నప్పుడు కూడా రెండు మూడుసార్లకు మించి కొట్టరు. అయినా వాళ్ల కళ్లు ఎండవు, ఎందుకంటే వాళ్ల కన్నీటి పొర మనదానికంటే నిలకడైనది. ఏడిస్తే కన్నీరు కారకపోవడం చూసి కళ్లలో తడే లేదనుకుంటారు గానీ, బుగ్గల మీదికి జారేంత కన్నీరు రావడానికి కొన్ని వారాలు పడుతుందే తప్ప, కంటిని తడిగా ఉంచే నీరు మొదటి నుంచీ ఉంటుంది.

డెల్టా గాలి కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. సముద్రానికీ కాలువలకూ మధ్య ఉన్న కోనసీమ లాంటి చోట గాలిలో తేమ ఎక్కువ కనుక కంటి తడి ఆరడం నెమ్మదిస్తుంది. అదే ఇంట్లో బిడ్డ ముఖానికి సూటిగా టేబుల్ ఫ్యాను పెట్టినా, రాత్రంతా ఏసీ వేసినా ఆ మేలు చాలావరకు పోతుంది. ఆయింట్‌మెంట్ అవసరమా కాదా అన్నదానిపై వైద్యుల్లోనూ రెండు ధోరణులున్నాయి. కన్ను ఎర్రబడకుండా, పుసి పట్టకుండా, వెలుతురుకు కళ్లు చిట్లించకుండా ఉన్నంతకాలం ఏమీ వేయనక్కర్లేదని ఎక్కువమంది అంటారు. సందు వెడల్పుగా ఉండి నల్లగుడ్డు కింది అంచు కనిపిస్తుంటే ముందుజాగ్రత్తగా రాత్రిపూట కంటిని తడిగా ఉంచే మందు వేయడం మంచిదని మరికొందరు అంటారు. ఎండిపోవడం వల్ల దెబ్బతినే సందర్భాల్లో మొదట పాడయ్యేది నల్లగుడ్డు కింది భాగమే కనుక రెండో వాదనలోనూ తర్కం ఉంది. తేడా అంతా సందు వెడల్పు మీద, తెల్లగుడ్డు కనిపిస్తోందా నల్లగుడ్డు కనిపిస్తోందా అన్నదాని మీద ఆధారపడి ఉంది.

ఒక కన్నే మూతపడనప్పుడు

రెండు కళ్లూ ఒకే తీరుగా కొద్దిగా తెరుచుకుని ఉండటం ఒక సంగతి, ఎప్పుడూ ఒకే కన్ను తెరుచుకుని ఉండటం వేరే సంగతి. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. తణుకు దగ్గర ఒక తల్లికి కాన్పు కష్టమై, పట్టుకారుతో బిడ్డను తీశారు. మూడో రోజు ఏడుస్తున్నప్పుడు చూస్తే నోరు ఎడమ వైపుకు లాగుతోంది, కుడి కన్ను మూతపడటం లేదు, కుడివైపు నుదురు ముడతపడటం లేదు, నిద్రలోనూ ఆ కన్నే తెరిచి ఉంటోంది. ఇక్కడ దెబ్బతిన్నది కుడి ముఖనరం. చెవి వెనుక గట్టి ఎముక గడ్డ పెద్దవాళ్లలో ఆ నరానికి కాపలా కాస్తుంది, శిశువుకు అది ఇంకా ఏర్పడదు కనుక, కాన్పులో పడే ఒత్తిడి నేరుగా నరం మీద పడుతుంది. ఇలాంటివాటిలో ఎక్కువభాగం కొన్ని వారాల్లో, నెలల్లో వాటంతట అవే కోలుకుంటాయి. ఈలోగా ఆ కన్ను మేలుకుని ఉన్నప్పుడు కూడా మూసుకోదు కనుక, దాన్ని తడిగా ఉంచడం నిజంగా అవసరమవుతుంది.

దీనికి దగ్గరగా కనిపించి మోసం చేసేది ఇంకొకటుంది. కొందరు బిడ్డలు ఏడ్చినప్పుడు నోరు మాత్రమే ఒక పక్కకు పోతుంది, కన్నూ నుదురూ మామూలుగానే పనిచేస్తాయి. అక్కడ లోపం నరంలో ఉండకపోవచ్చు, కింది పెదవిని కిందకు లాగే చిన్న కండరం పుట్టుకతో సరిగా ఎదగకపోవడం వల్ల అలా కనిపిస్తుంది. ఏడుస్తున్నప్పుడు రెండు కళ్లూ గట్టిగా మూసుకుంటున్నాయా అన్న ఒక్క పరిశీలనే రెండింటినీ విడదీస్తుంది. అరకన్నుతో పడుకునే ఆరోగ్యవంతమైన బిడ్డ ఏడ్చినప్పుడు రెండు కళ్లూ బిగించి మూయగలదు. నిద్రలోని సందు వెనుక నరం లోపం లేదనడానికి ఇంట్లోనే దొరికే బలమైన ఆధారం అదే.

కనుగుడ్డే ముందుకు వచ్చినట్టు, లేదా రోజురోజుకూ పెద్దదవుతున్నట్టు ఉంటే దారి మారుతుంది. పుట్టుకతో వచ్చే గ్లకోమాలో నల్లగుడ్డు మామూలు కంటే పెద్దదై, మసకబారి, కన్ను నీరు కారుతూ, వెలుతురును ఓర్చుకోలేదు. కళ్లు ఎంత పెద్దవో అని చుట్టాలు మెచ్చుకుంటుండగా నెలలు గడిచిపోవడం ఈ జబ్బులోని విషాదం, ఎందుకంటే ఆలస్యమైన కొద్దీ పోయిన చూపు తిరిగి రాదు. కంటిపాపలో తెల్లటి మెరుపు కనిపించడం మరింత తీవ్రమైన సంగతి, కంటి క్యాన్సరు కావచ్చన్న అనుమానంతో వైద్యులు దాన్ని వెంటనే పరీక్షిస్తారు.

బక్కచిక్కిన బిడ్డలో అదే సందుకు వేరే అర్థం

ముల్లర్ కండరం మళ్లీ ఇక్కడ వస్తుంది. తీవ్రమైన పోషకాహార లోపంతో ఉన్న బిడ్డకు రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయినప్పుడు, మామూలుగా అందరిలో కనిపించే చెమట, వణుకు లాంటి గుర్తులు తరచుగా కనిపించవు. కానీ శరీరం ఆపదను గ్రహించి సింపథెటిక్ నాడీవ్యవస్థను రేపుతుంది, ఆ ఉద్రేకం ముల్లర్ కండరాన్ని బిగించి పై రెప్పను వెనక్కి లాగుతుంది. ఫలితంగా ఆ బిడ్డ కళ్లు కాస్త తెరుచుకుని నిద్రపోతుంది. ఒక్కోసారి పైకి కనిపించే సంకేతం అదొక్కటే. అందుకే ఇలాంటి పిల్లలకు వైద్యం చేసే కేంద్రాల్లో అనుసరించే మార్గదర్శకాలు, రాత్రిపూట కళ్లు తెరిచి నిద్రపోతున్న బిడ్డ కనిపిస్తే లేపి పంచదార నీళ్లో, అక్కడ ఇచ్చే పాలో పట్టించాలని సిబ్బందికీ తల్లులకూ నేర్పమంటాయి. రక్తంలో చక్కెర డెసిలీటరుకు 54 మిల్లీగ్రాముల కంటే తగ్గితే ఈ పిల్లల్లో దాన్ని అత్యవసర పరిస్థితిగా తీసుకుంటారు.

తీవ్ర పోషకాహార లోపం అంటే కాస్త సన్నగా ఉండటం కాదు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకు జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉండటం, ఎత్తుకు తగ్గ బరువు బాగా తగ్గిపోవడం, రెండు పాదాలూ వాచి నొక్కితే గుంట పడటం, వీటిలో ఏ ఒక్కటున్నా ఆ కోవలోకి వస్తుంది. అంగన్‌వాడీలో జబ్బకు చుట్టి చూసే రంగు పట్టీలో ఎరుపు చూపించేది దీన్నే.

ఇద్దరు బిడ్డలను పక్కపక్కన పెట్టి చూద్దాం. భీమవరంలో ఐదు నెలల బిడ్డ, తల్లిపాలతో నెలనెలా బరువు పెరుగుతోంది, మేలుకున్నప్పుడు పిలిస్తే నవ్వుతోంది, నిద్రలో రెప్పల మధ్య తెల్లగీత కనిపిస్తోంది. ఆ గీతకు పుట్టుకనాటి తీరుకు మించిన అర్థం లేదు. ఒక లంక గ్రామంలో పద్నాలుగు నెలల బిడ్డ, వరదనీళ్లు తీసిన తరువాత వారం రోజులుగా విరేచనాలు, జబ్బ చిక్కిపోయింది, రాత్రి ఏమీ తాగకుండా పడుకుంది, ఇంతకుముందు లేని సందు ఇప్పుడు కనిపిస్తోంది. సందు వెడల్పు ఇద్దరిలోనూ ఒకటే కావచ్చు. రెండో బిడ్డలో మాత్రం అది కొత్తగా వచ్చింది, చిక్కిన ఒంట్లో వచ్చింది, ఆకలితో పడుకున్న రాత్రి వచ్చింది. విరేచనాల వల్ల ఒంట్లో నీరు బాగా తగ్గిన బిడ్డలో కళ్లు గుంటలు పడటం, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే మెల్లగా వెనక్కి వెళ్లడం, లేపినా లేవకుండా మగతగా ఉండటం కూడా తోడవుతాయి. అప్పుడు ఆ అరకన్ను నిద్ర కాకపోవచ్చు, స్పృహ తగ్గడం కావచ్చు. తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయవలసిన స్థితి అది.

ఇదే పిల్లల్లో విటమిన్ ఏ లోపం కూడా ఉంటే కంటికి ముప్పు రెట్టింపవుతుంది, ఎందుకంటే ఆ లోపం వల్ల కార్నియా ముందే పొడిబారి ఉంటుంది. తొమ్మిదో నెలలో తట్టు టీకాతో పాటు మొదలై, ఐదేళ్లదాకా ఆరు నెలలకోసారి నోట్లో వేసే విటమిన్ ఏ ద్రావణం ఉద్దేశాల్లో ఈ ముప్పును తప్పించడం ఒకటి.

ఫిట్స్ అనుమానం ఎక్కడ నిలుస్తుంది

చురుకు నిద్రలోని అదురుపాటును ఫిట్స్‌గా పొరబడటం సులభం. నిద్రలో మాత్రమే కాళ్లూ చేతులూ టకటకా కొట్టుకుని, బిడ్డ మేలుకోగానే ఆగిపోయే అదురు హానిలేనిది. ఫిట్స్ అయితే లేపినా ఆగదు, కళ్లు బాగా తెరుచుకుని ఒకవైపుకే నిలిచిపోవడం, పెదవులు నీలమెక్కడం, ఆగాక బిడ్డ సోలిపోవడం కనిపిస్తాయి. వాట్సాప్‌లో చర్చకు పనికిరాని ఫోన్ వీడియో పిల్లల వైద్యుడి ముందు మాత్రం ఎంతో ఉపయోగపడుతుంది, ఎందుకంటే ఆస్పత్రికి వెళ్లేసరికి బిడ్డ మామూలుగా ఉంటుంది, తల్లి మాటల్లో వర్ణించలేనిది వీడియోలో పదిహేను సెకన్లలో తెలిసిపోతుంది.

ఆముదం, కాటుక, సాంబ్రాణి

డెల్టా ఇళ్లలో పసిబిడ్డ కంటి చుట్టూ జరిగే పనులను ఈ వెలుగులో చూస్తే కొన్ని నిరపాయకరం, కొన్ని కావు. రెప్పలను వేలితో మృదువుగా కిందికి దించే అమ్మమ్మ పని వల్ల బిడ్డకు నష్టం లేదు. నుదుటి మీదా అరికాలి మీదా పెట్టే దిష్టిచుక్క కంటికి దూరంగానే ఉంటుంది. కళ్లలో ఆముదం చుక్కలు వేయడం, చనుబాలు పిండడం మాత్రం సందును తగ్గించవు, పైగా శుభ్రంగా లేనిదేదైనా వాటితో కంట్లోకి చేరే అవకాశం ఉంది. కంట్లో దిద్దే కాటుకతో ఇబ్బంది రెండు రకాలు: దిద్దే వేలు తెచ్చే మురికి ఒకటి, బజారులో దొరికే కొన్ని సుర్మాలు సీసపు ఖనిజంతో తయారవడం మరొకటి. సీసం పసిపిల్లల మెదడుకు విషం. స్నానం తరువాత తల ఆరబెట్టడానికి పట్టే సాంబ్రాణి పొగ కళ్లూ ఊపిరితిత్తులూ రెండింటినీ మండిస్తుంది. రెప్పలు పూర్తిగా మూసుకోని బిడ్డ ఆ పొగలోనే నిద్రపోతే కళ్లు ఎర్రబడతాయి, అప్పుడు ఆ ఎరుపుకు కారణం సందు అనుకుంటారు. ఈ ఆచారాలను పెద్దలు ప్రేమతోనే చేస్తారన్నది నిజం. ఆ ప్రేమను గౌరవిస్తూనే చుక్కలనూ పొగనూ పక్కన పెట్టడం చాలా ఇళ్లలో ఇప్పటికే జరుగుతోంది.

ఏడాదిన్నర దాటినా పోకపోతే

ప్రసవం ఆస్పత్రిలో జరిగిన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలన్నది జాతీయ కార్యక్రమంలోని ఏర్పాటు. ఒక కన్ను మూతపడకపోవడం, కన్ను ఎర్రబడటం, పాలు సరిగా తాగకపోవడం లాంటివి ఆమెకు చూపించడానికి అది అనువైన సమయం. పుట్టుక లోపాలను గుర్తించేందుకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీకి వచ్చే బృందాలు ఆ తరువాత సంవత్సరాల్లో పిల్లల కళ్లను కూడా పరీక్షిస్తాయి.

ఏడాదిన్నర దాటిన తరువాత కూడా సందు మిగిలి ఉంటే అది జబ్బని అర్థం కాదు, ఒకసారి కంటి వైద్యుడి చేత చూపించుకోవడం సమంజసమని మాత్రమే అర్థం. అక్కడ జరిగే పరీక్ష చిన్నది. ఫ్లోరసీన్ అనే పసుపు రంగు ద్రవం చుక్క వేసి, నీలి కాంతిలో నల్లగుడ్డు కింది భాగాన్ని చూస్తారు, పొర దెబ్బతిన్న చోట ఆ రంగు ఆకుపచ్చగా మెరుస్తుంది. మెరుపు లేకపోతే ఇంటికి పంపించేస్తారు. ఉంటే రాత్రి పడుకునే ముందు కంటికి ఆయింట్‌మెంట్ రాస్తారు, దానితోనే చాలామందికి సరిపోతుంది. పెద్దయ్యాక కూడా సందు మిగిలినవాళ్లు సాధారణంగా చెప్పే ఇబ్బంది ఒక్కటే: పొద్దున్న లేవగానే కళ్లలో ఇసుక పడ్డట్టుండటం, మధ్యాహ్నానికల్లా అది తగ్గిపోవడం.